పదిమందిలో ముగ్గురు

రాతిజ్వరం వచ్చిన ఏడాది విశాఖపట్నంలో ఏ గుమ్మం దాటాలన్నా ముందు పలక మీద ఊదాలి. బస్సు ఎక్కేముందు, బియ్యం కొట్లోకి వెళ్ళేముందు, బడి గేటు దగ్గర, గుడి మెట్ల దగ్గర. అరచేతిలో పట్టే గాజుబిళ్ళ అది. ఊదాక తెల్లగానే ఉంటే లోపలికి రానిస్తారు. నీలంగా మారితే పక్కన నిలబెడతారు. కాసేపటికి పసుపురంగు బండి వస్తుంది. అందులో ఎక్కినవాళ్ళని సముద్రం ఒడ్డున పాత ఉప్పు గోదాముల్లో పెట్టిన విడిదికి తీసుకెళతారు.

విడిది అని పేరు పెట్టింది ఎవరో గాని, పెళ్ళివారి మాట అది. అక్కడ దిగినవాళ్ళు మాత్రం సగం మందే తిరిగొచ్చేవారు.

ఆ పలకని తయారుచేసింది డాక్టర్ ఇందుమతి. రాతిజ్వరం మామూలు జలుబులా మొదలయ్యేది. తర్వాత ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడి, గుండెల మీద బండరాయి ఎత్తి పెట్టినట్టు గాలి ఆడక మనిషి పోయేవాడు. జబ్బు పైకి కనబడకముందే పక్కవాళ్ళకి అంటేసేది. అదే అసలు భయం. ఇందుమతి సముద్రపు నాచులోంచి ఒక రకం జీవకణాల్ని తీసి, గాజు మీద పూతలా పూసి, జబ్బు ఉన్నవాళ్ళ ఊపిరి తగిలితే అవి రంగు మారేలా చేసింది. లాబు పెద్ద డాక్టర్ కమలనాభం ఆ పలకలు పట్టుకుని స్వయంగా ప్రభుత్వం చుట్టూ తిరిగాడు. ఊళ్ళో పలకలు వచ్చిన నెల తిరక్కుండానే చావులు సగానికి తగ్గాయి.

అయినా ఊరు రెండుగా చీలింది. పలకని నమ్మేవాళ్ళు చేతికి తెల్లగుడ్డ కట్టుకునేవారు. వాళ్ళని పలకవాళ్ళనేవారు. నమ్మనివాళ్ళు తమని తాము ఊపిరివాళ్ళమని చెప్పుకునేవారు. 'నా ఊపిరి నాది, దాని మీద గాజుముక్క పెత్తనం ఏమిటి' అని వాళ్ళ వాదన. ఒకరి టీకొట్టుకి ఒకరు వెళ్ళేవాళ్ళు కాదు. ఖాయమైన సంబంధాలు చెడిపోయాయి. ఒకే ఇంట్లో అన్నదమ్ములు వంటిల్లు వేరుపెట్టుకున్నారు.

ఇందుమతి భర్త పైడిరాజు డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేవాడు. అతని తల్లి నూకరత్నం వాళ్ళ చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్ళింది. కల్యాణమండపం గుమ్మం దగ్గర ఊపిరివాళ్ళు పలకని కొబ్బరికాయ కొట్టినట్టు నేలకేసి కొట్టి, అందరినీ చప్పట్లతో లోపలికి పంపారు. ఆ పెళ్ళికి వెళ్ళినవాళ్ళలో ముప్పైమంది దాకా పోయారు. నూకరత్నం చివర్లో మాట్లాడలేక కొడుకు చెయ్యి పట్టుకుని తన గుండెల మీద పెట్టుకుంది. ఆ గుండె చెక్కలా ఉందని పైడిరాజు తర్వాత ఒక్కసారే చెప్పాడు. అప్పట్నుంచీ అతను టీవీల్లో పలక తరఫున మాట్లాడటం మొదలుపెట్టాడు. నెమ్మదస్తుడు కాస్తా తెరమీద పిడికిలి బిగించి అరిచేవాడు. "పలక మీద ఊదనివాడు హంతకుడు" అన్న మాట అతనిదే. గోడలమీద కూడా రాశారు.

ఒకరోజు లాబు గేటు దగ్గరికి ఒక ఆటో డ్రైవరు వచ్చి, డాక్టరమ్మని చూడందే కదలనని కూర్చున్నాడు. పేరు సన్నిబాబు. ఊపిరివాళ్ళలో పెద్ద గొంతున్నవాడని పోలీసులు ముందే చెప్పారు. ఇందుమతి ముక్కుకి గుడ్డ కట్టుకుని గేటు ఇవతల నిలబడింది. గొడవ చేస్తాడనుకుంది. అతను చెయ్యలేదు.

"మా ఇంటిది అప్పలకొండకి రొంప మేడమ్. ఒట్టి రొంప. వానాకాలం ఒస్తే ఏటేటా ఒస్తాది. మీ పలక నీలం సూపించినాది, బండిలో తీసుకెల్లిపోనారు. ఎల్లినప్పుడు నవ్వుతానే ఎల్లినాది. పదిరోజులకి శవం ఇచ్చినారు. ఒక్క మాటడుగుతాను, సెప్పండి. రొంపకి కూడా నీలం ఒస్తాదా?"

రాదు అని చెప్పబోయి ఇందుమతి ఆగిపోయింది. రాదని ఆమెకి తెలియదు. జలుబు ఉన్నవాళ్ళ మీద చూశారు గాని, చూసింది కొద్దిమందినే. అప్పుడు తొందర అలాంటిది. "చూస్తాను" అంది. "సూడండి" అని అతను లేచి వెళ్ళిపోయాడు.

విడిది గేటు దగ్గర లోపలికి వెళ్ళే ప్రతి ఒక్కరి గొంతులోంచీ దూదిపుల్లతో తడి తీసి చల్లటి పెట్టెల్లో దాచేవారు. అడిగినవాళ్ళు లేక అవి అలాగే పడి ఉన్నాయి. ఇందుమతి వాటిని తెప్పించి గాజుగిన్నెల్లో పెంచి చూసింది. జబ్బు క్రిమి నిజంగా ఉంటే రెండు రోజుల్లో గిన్నెలో బూడిదరంగు పొక్కులు లేస్తాయి. కొన్ని గిన్నెలు ఖాళీగా ఉండిపోయాయి. మళ్ళీ చేసింది. మళ్ళీ ఖాళీ. చివరికి లెక్క తేలింది. విడిదికి వెళ్ళిన పదిమందిలో ముగ్గురికి, వెళ్ళేటప్పుడు రాతిజ్వరం లేదు. ఒక రకం జలుబులో కూడా ఊపిరిలోకి అదే పదార్థం వస్తోంది, పలక మోసపోతోంది. ఆ ముగ్గుర్నీ తీసుకెళ్ళి జబ్బున్న ఏడుగురి మధ్య పడుకోబెడుతున్నారు. వాళ్ళకి జబ్బు విడిదిలోనే అంటుకుంటోంది.

ఖాళీ గిన్నెల్లో అప్పలకొండది కూడా ఉంది.

కమలనాభం అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పలక తీసేద్దామంటావా?"

"కాదు సార్. పలక ఉండాలి. అది పట్టుకున్న ఏడుగురూ నిజమే కదా. నీలం వచ్చినవాళ్ళని వెంటనే విడిదికి పంపకుండా, రెండో పరీక్ష అయ్యేదాకా ఎవరింట్లో వాళ్ళని విడిగా ఉంచుదాం. గిన్నెలో లేస్తేనే పంపుదాం. అంతే చెబుదాం."

"నువ్వు చెప్పేది నాలుగు వాక్యాలమ్మా. జనం మూడు మాటలే వింటారు. 'పలక తప్పు చెబుతుంది.' మర్నాటికి ఊళ్ళో ఒక్క పలక మిగలదు. నువ్వు ముగ్గురిని కాపాడబోతే వెయ్యిమంది పోతారు. ఇంకా కొన్ని వందల గిన్నెలు చూడు. గట్టిగా తేలాక నేనే వెళ్ళి చెబుతాను."

ఆయన మాటలో అబద్ధం లేదు. అదే ఆమెని ఆపింది. గిన్నెలు పెంచుతూ ఉంది. కిటికీలోంచి పసుపుబండి వెళ్ళడం కనిపించినప్పుడల్లా, లోపల ఉన్నవాళ్ళలో ఆ ముగ్గురూ ఎవరా అని చూసేది. బండి అద్దాలకి రంగు వేసి ఉండేది, ఏమీ కనబడేది కాదు.

రెండు వారాలు అలా గడిచాక, ఒకరోజు మధ్యాహ్నం కూతురి బడి నుంచి ఫోన్ వచ్చింది.

"మేడమ్, హర్షిణికి నీలం వచ్చిందండి. బండికి కబురు చేశాం. రూలు కదా."

ఇందుమతి వెళ్ళేసరికి హర్షిణి ఆటస్థలం మధ్యలో బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. నాలుగో తరగతి పిల్ల. పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని, దాన్ని రెండు చేతులా పట్టుకుంది. చుట్టూ సున్నంతో గుండ్రంగా గీత గీశారు. కిటికీల నిండా పిల్లల మొహాలు. అంతమంది పిల్లలుండీ ఎక్కడా చప్పుడు లేదు. టీచరు ఒకామె దూరంగా నిలబడి ఏడుస్తోంది, దగ్గరికి మాత్రం వెళ్ళడం లేదు. ఎవరో గోడ మీంచి ఫోన్లో వీడియో తీస్తున్నారు.

పైడిరాజు కారు అప్పుడే గేట్లోకి వచ్చింది. దిగి కూతుర్ని చూశాడు.

"బండి ఎంతసేపట్లో వస్తుంది?" అన్నాడు.

"ఎక్కించొద్దు. నా మాట వినండి." గొంతు తగ్గించి ఇందుమతి గిన్నెల సంగతి, ముగ్గురి సంగతి గబగబా చెప్పింది.

అతను విన్నాడు. "ఇది నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"రెండు వారాల నుంచి."

"రెండు వారాలు నాకు చెప్పలేదు. టీవీలో నేను గొంతు చించుకుంటుంటే పక్కనే కూర్చుని అన్నం తిన్నావు. ఇవాళ మన పిల్లకి నీలం రాగానే చెబుతున్నావు. అమ్మని చంపినవాళ్ళు కూడా ఇలాగే అనుకుని ఉంటారు ఇందూ. పలక అందరికీ నిజం, మావాళ్ళకి మాత్రం అబద్ధం అని."

ఆమె భయమూ అదే. పదిమందిలో ముగ్గురు అంటే మిగతా ఏడుగురు ఉన్నారు. ముగ్గురిలో నా కూతురు ఉందని నేను నమ్ముతున్నది లెక్క చూసా, తల్లినై ఉండా? పిల్లకి రెండు రోజుల్నించి ముక్కు కారుతోంది. అది రొంపా, జ్వరమా? కళ్ళతో చూసి చెప్పలేదు. ఆ సంగతి ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఊళ్ళో లేరు.

"నేను దాచమనట్లేదు. లాబులో గాలి బయటికి పోని గది ఉంది కదా, అందులో పెడదాం. విడిది కంటే గట్టి తలుపులు దానికి. రెండు రోజులు. గిన్నెలో లేస్తే నేనే విడిదికి తీసుకెళతాను."

పైడిరాజు తల అడ్డంగా ఊపుతున్నాడు. అప్పుడు గీత మధ్యలోంచి హర్షిణి పిలిచింది.

"నాన్నా, నేను ఎవరినైనా చంపేశానా?"

"ఏంటమ్మా?"

"పొద్దున్న యామినీ వాటర్ బాటిల్ నేనే మూత తీసిచ్చాను. అది చచ్చిపోతుందా? నువ్వు టీవీలో చెప్పావు కదా, హంతకులని."

పైడిరాజు సున్నం గీత దాటి వెళ్ళిపోయాడు. టీచరు అరిచింది. అతను వినలేదు. పిల్లని ఎత్తుకుని, సంచీ భుజాన వేసుకుని వచ్చి కారు వెనకసీట్లో కూర్చోబెట్టాడు. అద్దాలన్నీ దించాడు. గాలికి హర్షిణి జుట్టు మొహం మీద పడుతుంటే, తల్లి వెనక్కి తిరిగి సరిచెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

గది ఉక్కు తలుపులది. లోపలి గాలిని పెద్ద పంఖా ఒకటి ఎప్పుడూ పీల్చి, వడకట్టి, కాల్చి పైకి వదులుతుంది. దాని హోరు ఆగదు. ఇందుమతి తలనుంచి పాదాల దాకా తొడుగు వేసుకుని లోపలికి వెళితే హర్షిణి భయపడి మంచం మూలకి జరిగింది. తల్లి తన ముఖం ముందున్న అద్దాన్ని పిల్ల ముఖానికి దగ్గరగా పెట్టింది. "నేనేరా." పంఖా హోరులో ఆ మాట వినబడిందో లేదో. పిల్ల నోరు తెరిచింది. ఇందుమతి దూదిపుల్ల గొంతులో తిప్పి బయటికి తీసింది. వేలాదిమందికి చేయించిన పని అది, ఇప్పుడు తన చేతుల్తో చేసింది.

బయట కమలనాభం కోపంతో నిలబడి ఉన్నాడు. "ఏం చేశావో తెలుసా? వీడియో ఊరంతా తిరుగుతోంది. పలక తయారుచేసినామె తన కూతుర్ని దాచుకుందని."

"దాచలేదని చూపించడానికే పరీక్ష సార్. గిన్నె మీరే చూడాలి."

"నువ్వు చూడవా?"

"నా కళ్ళని నేను నమ్మను. ఖాళీ గిన్నె చూడాలని ఉంది నాకు. మీ కళ్ళనీ నమ్మలేను, మీకు పలక నెగ్గాలని ఉంది. అయిదు గిన్నెలు పెడదాం. ఒకటి మా అమ్మాయిది. మిగతావి జబ్బున్నట్టు తేలినవాళ్ళవీ, లేనివాళ్ళవీ. అంకెలు భవాని వేస్తుంది, ఏది ఎవరిదో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియకూడదు. మీరు చూసి చెప్పండి."

భవాని లాబులో టెక్నీషియను, మాట తక్కువ మనిషి. కమలనాభం భవాని వైపు చూసి తల ఊపాడు.

మర్నాడు ఉదయానికి లాబు ముందు రోడ్డు కనబడలేదు. ఎడమవైపు తెల్లగుడ్డలవాళ్ళు, చేతుల్లో కర్రలు. "పిల్లని అప్పగించాలి! అందరికీ ఒకటే రూలు!" కుడివైపు ఊపిరివాళ్ళు, ఆటోల మీద ఎక్కి. ముక్కుకి గుడ్డ ఒక్కరికీ లేదు. మైకులో సన్నిబాబు గొంతు. "డాక్టరమ్మే నమ్మలేదు పలకని! తన బిడ్డ కాడికి వొచ్చేతలికి నమ్మలేదు! పాపని బయటికి తెండి, దండేసి ఊరేగిస్తాం!" మధ్యలో పోలీసులు ఒక వరస, పల్చగా.

పైడిరాజు కూతుర్ని ముట్టుకున్నాడు గనక అతనికీ బయటికి వెళ్ళే వీల్లేదు. పై అంతస్తు గది కిటికీలోంచి చూస్తున్నాడు. తెల్లగుడ్డలవాళ్ళలో అతని విద్యార్థులున్నారు. ఒకడు కిటికీ వైపు వేలు చూపించి "హంతకుడు" అని అరిచాడు. తన మాటే. రాయి వచ్చి కిటికీ అద్దం పగిలింది.

కింద ఇందుమతి గదిలో ఉంది. పిల్లకి వేడి తగులుతోంది. ఒళ్ళు తుడుస్తూ కథ చెబుతూ ఉంది గాని, పంఖా హోరులో అరిచి చెప్పాల్సి వస్తోంది. అంతలో దీపాలు ఆరిపోయాయి. ఎవరు తీగలు తెంపారో, ఏ పక్షంవాళ్ళో తర్వాత కూడా తేలలేదు. పంఖా తిరుగుడు తగ్గి, తగ్గి, ఆగింది.

ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ చీకట్లో హర్షిణి దగ్గింది.

పొడిదగ్గు. సీసాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు గరగరమని. ఇందుమతి ఆ శబ్దం విడిదిలో వందలమంది గొంతుల్లో విన్నది. ఇంతసేపూ పంఖా ఆ శబ్దాన్ని కప్పేసింది. పిల్ల మళ్ళీ దగ్గింది. గిన్నెలో ఇంకా ఏమీ లేచి ఉండదు. కానీ తల్లికి తెలిసిపోయింది.

జెనరేటరు మొదలై, దీపాలు వెలిగాయి. పంఖా మళ్ళీ హోరెత్తింది. "అమ్మా, తర్వాత ఏమయ్యింది?" అంది హర్షిణి. కథ గురించి.

ఆ మర్నాడు పొద్దున్నే కమలనాభం అయిదు గిన్నెలూ దీపం కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కోదాన్నీ రెండేసిసార్లు చూశాడు. "రెండులో ఉంది. అయిదులో ఉంది. మిగతావి ఖాళీ."

భవాని గోడవైపు తిరిగి నిలబడింది. "అయిదు పాత పేషంటుదండి. రెండు మన పాపది."

కమలనాభం కళ్ళజోడు తీశాడు. "మన పలక నిజమే చెప్పిందమ్మా" అన్నాడు. "చెప్పకుండా ఉంటే బాగుండేది."

ఇందుమతి ముక్కుకి గుడ్డ బిగించి కట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. పోలీసులు వద్దన్నారు. ఇనుప కమ్మీల ఇవతల నిలబడి చెయ్యి చాచితే, సన్నిబాబు సంబరంగా తన మైకు కమ్మీల సందులోంచి అందించాడు.

"మా అమ్మాయికి రాతిజ్వరం ఉంది. పలక చెప్పింది నిజం."

ఎడమవైపు తెల్లగుడ్డలు గాల్లోకి లేచాయి. కేకలు, ఈలలు. ఒక చిన్నపిల్లకి ప్రాణాంతకమైన జబ్బుందని వినీ చప్పట్లు కొడుతున్నారు. కుడివైపు ఆటోల మీదున్నవాళ్ళు గబగబా దిగి, ఉన్న గుడ్డతో ముక్కులు మూసుకోవడం మొదలుపెట్టారు.

"ఇంకా ఉంది, వినండి. నీలం వచ్చిన పదిమందిలో ఏడుగురికి జబ్బుంది. ముగ్గురికి లేదు. ఆ ముగ్గురికీ విడిదిలో అంటుకుంటోంది. నీలం వస్తే భయపడండి, ఎవరితోనూ కలవకండి. కానీ రెండో పరీక్ష అయ్యేదాకా విడిదికి పంపకూడదు." తర్వాత ఆమె ఎదురుగా ఉన్న మనిషి వైపు తిరిగింది. మైకు దించింది. "సన్నిబాబు గారూ, మీరడిగింది చూశాను. అప్పలకొండ గారికి జబ్బు లేదు. వెళ్ళేటప్పుడు లేదు. ఈ మాట మీకు ముందే చెప్పాల్సింది."

నెగ్గిన మనిషి మొహం ఎలా ఉంటుందో ఆమె అనుకున్నట్టు లేదు అతనిది. కమ్మీలు పట్టుకుని మెల్లగా కిందికి జారాడు.

"నానే ఎక్కించినాను మేడమ్" అన్నాడు. "బండిలోకి నానే ఎక్కించినాను. అప్పుడు నానూ పలకోడినే. నవ్వుతా ఎల్లినాదన్నాను గానీ, అది ఎల్లనని ఏడిసినాది. భయం నేదు, డాకటర్లు సూసుకుంటారు, ఎక్కీయే అని నానే సెయ్యిచ్చి ఎక్కించినాను."

ఆ మాటలు పక్కనున్న పోలీసుకి కూడా వినబడలేదు. అప్పటికే ఎడమవైపు నుంచి "పలక నిజం! పలక నిజం!" అని, కుడివైపు నుంచి "పలక తప్పు! పలక తప్పు!" అని గొంతులు లేచాయి. రెండూ ఆమె మాటలే. రాళ్ళు రెండువైపుల నుంచీ వచ్చాయి. అన్నమాట ప్రకారం ఆ రాత్రే ఇందుమతి హర్షిణిని తనే విడిదికి తీసుకెళ్ళి, తొడుగు వేసుకుని దగ్గరుండి చూసుకుంది.

ఆ తర్వాత కొన్ని వారాలు ఊరు ఎలా ఉందో చెప్పుకోవడానికి ఇప్పటికీ ఎవరూ ఇష్టపడరు. సగం ఊళ్ళో పలకలు పగలగొట్టారు, జ్వరం వీధులు వీధులే ఊడ్చింది. మిగతా సగంలో రొంప ఉన్నవాళ్ళని కూడా పొరుగువాళ్ళే కట్టేసి బండెక్కించారు. కమలనాభం భయపడ్డది జరిగింది. ఇందుమతి భయపడ్డదీ జరిగింది. ఎవరి లెక్క ఎక్కువో తేల్చడానికి ఇద్దరిలో ఎవరికీ ఓపిక లేదు.

పైడిరాజు లాబు గదిలోంచే ఫోన్ ముందు కూర్చుని మాట్లాడాడు. పిడికిలి బిగించలేదు. "మా అమ్మ పలక లేకపోవడం వల్ల పోయింది. మా అమ్మాయి విషయంలో పలక నిజం చెప్పింది. పలక తప్పని అనడానికి నాకు ఏ అవసరమూ లేదు. అయినా చెబుతున్నాను. రెండో పరీక్ష లేకుండా ఎవర్నీ పంపకండి. హంతకుడు అన్న మాట నాది, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను." తెల్లగుడ్డలవాళ్ళలో చాలామంది అతన్ని బూతులు తిట్టారు. కొందరు మాత్రం విన్నారు. పిల్లకి జబ్బు లేకుండా ఉంటే ఆ కొందరూ వినేవాళ్ళు కాదని ఇందుమతికి తెలుసు.

సన్నిబాబు తన ఆటోకి మైకు కట్టుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని ఒక్కడే తిరిగాడు. "మా ఇంటిదానికి పలక తప్పు సెప్పినాది. అయినా ఊదండి. నీలం ఒస్తే గదిలో కూకోండి, పరీక్షకి అడగండి." అమ్ముడుపోయాడని అతని మనుషులే ఆటో తగలబెట్టారు. తర్వాత సైకిలు మీద తిరిగాడు.

రెండో పరీక్ష ఉత్తర్వు వచ్చేసరికి చలికాలం వచ్చింది. విడిదిలో ఉన్నవాళ్ళందరి గొంతుల్లోంచీ మళ్ళీ తడి తీశారు. ఫలితాలు చెప్పడానికి ఇందుమతే వెళ్ళింది. ఎవరూ అడగలేదు, తనే వెళ్ళింది. గిన్నెలు ఖాళీగా ఉన్నవాళ్ళని వేరే గేట్లోంచి బయటికి పంపుతున్నారు. బయట వాళ్ళ మనుషులు నేలమీద పడి ఏడుస్తున్నారు. ఏడుపులో సంతోషమేదో భయమేదో తెలియడం లేదు.

కంచె అవతల మిగిలినవాళ్ళు చూస్తున్నారు. వాళ్ళలోంచి ఒకావిడ కంచె దాకా వచ్చింది. చంకలో నాలుగైదేళ్ళ పిల్లాడు, తల ఆమె భుజం మీద వాలిపోయి ఉంది.

"మేడమ్, మా బాబుది కూడా తప్పేమో మళ్ళీ చూడండి. వీడికి రొంపేనండి. దేవుడి మీద ఒట్టు."

ఇందుమతి దగ్గర ఫలితం ఉంది. ఒక్క క్షణం, మళ్ళీ చూస్తానమ్మా అని చెప్పి వెళ్ళిపోదామనిపించింది.

"తప్పు కాదమ్మా. బాబుకి ఉంది."

ఆవిడ ఉమ్మేస్తుందనుకుంది ఇందుమతి. కంచె అవతలివాళ్ళు చాలామంది అదే చేశారు ఆ పొద్దున.

"మా అమ్మాయికి కూడా ఇదే వచ్చింది" అంది ఇందుమతి.

"పాప ఉందా?"

"ఉంది. మెట్లెక్కితే ఆయాసపడుతుంది. మధ్యమధ్య ఆగి ఎక్కుతుంది."

ఆవిడ పిల్లాణ్ణి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. వాడు దగ్గాడు. గరగరమన్న ఆ చప్పుడికి ఇద్దరూ ఒకేసారి వాడి వైపు చూశారు.

"ఎలా పడుకోబెట్టేవారు?" అంది ఆవిడ. "వెల్లకిలా పడుకుంటే వీడికి గాలి ఆడట్లేదు."

ఇందుమతి కంచెకి దగ్గరగా వెళ్ళి, చేతులతో చూపించడం మొదలుపెట్టింది.